కరుచుకున్న నట్లు

గిలకలదిండి హార్బరులో నాగులు కోపం ఎరగని బోటు లేదు. ఇంజను మూత తెరిచాడంటే ముందు నోట్లోంచి తిట్టు బయటికొస్తుంది, తర్వాతే సంచీలోంచి పానా. అలాగని చెడ్డవాడు కాడు. చెప్పింది వినని వాళ్ల మధ్య మెకానిక్కుగా బతకాల్సి వచ్చింది, అదీ అతని ఖర్మ.

పుట్టింది వేట మీద బతికే ఇంట్లోనే. కానీ నాగులుకి సముద్రం పడలేదు. బోటు మొగ దాటి సముద్రంలోకి వెళ్తే చాలు, పేగులు నోట్లోకొచ్చేవి. "వలకి పనికిరాని వెధవ" అని తండ్రి విసిగిపోయి బెజవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డులో పడేశాడు. అక్కడ ఇంజన్ల పని నేర్చుకుని, ఏ బోట్లు తనని కక్కించాయో ఆ బోట్లకే వైద్యుడై తిరిగొచ్చాడు. నీళ్లంటే భయం గానీ చేపల పులుసంటే భయం లేదని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

వేట నిషేధం ముగిసిన పొద్దున నాగులు తన అక్క సన్యాసమ్మ బోటులో, ఇంజను గదిలో చెమటలు కారుస్తూ కూర్చున్నాడు. బావ పోయాక బోటు అక్క చేతికొచ్చింది. ఆమె కొడుకు గణేష్ నడుపుతాడు. ఆడమనిషి బోటని పోయినేడు సగంమంది కళాసీలు మధ్యలోనే దిగిపోయారు. ఈసారి ఇంటింటికీ తిరిగి, గడ్డం పట్టుకుని బతిమాలి మనుషుల్ని కూడగట్టుకుంది. తొలివేటకి వెళ్లని బోటును కళాసీ నమ్మడు. ఒకసారి దిగాడా, మళ్లీ ఎక్కడు. మొగలో ఇసుక మేటవేసింది కాబట్టి ఈ పూట పోటు నీళ్ల మీద దాటితేనే దాటడం.

ముందురోజు ఇంజను ఆడించి చూస్తే పొగగొట్టం మొదట్లోంచి పొగ చిమ్మింది. లోపలి ప్యాకింగు కాలిపోయింది. మార్చడం పెద్ద పనేం కాదు, నట్లు ఊడివస్తే.

నట్లు ఊడిరాలేదు. మొదటిది కాస్త తిరిగి, కీచుమని అరిచి, బిగుసుకుపోయింది. పానాకి పైపు తగిలించి బలంకొద్దీ లాగాడు. బోల్టు పుటుక్కున తెగి, మొండెం ఇంజనులోనే ఉండిపోయింది. నాగులు ఆ ఇంజనుని, దాన్ని చేసినవాణ్ని, వాడి వంశాన్ని కలిపి తిట్టాడు.

ఉప్పుగాలికి ఇనప బోల్టులు తుప్పు పడుతున్నాయని పోయినేడు స్టీలు బోల్టులు, స్టీలు నట్లు తెచ్చింది నాగులే. స్టీలుకి తుప్పు బాధ లేదు గానీ ఇంకో పాడుబుద్ధి ఉంది. ఒట్టిగా బిగించి వేడిలో పెడితే బోల్టు మరా నట్టు మరా కరుచుకుని ఒకటే ముద్దయిపోతాయి. నూనె రాసినా గ్రీజు రాసినా ఆ వేడికి మాడి మసవుతాయి. దానికని బూడిదరంగు నికెల్ పేస్టు ఒకటుంది, అది పూస్తే ఏడాది తర్వాత కూడా నట్టు మర్యాదగా తిరుగుతుంది. ఆటోనగర్‌లో పాత స్నేహితుడు స్టీఫెన్ డబ్బా చేతికిచ్చి మరీ చెప్పాడు. నాగులు ఒక్కో బోల్టుకీ స్వయంగా వేలితో పూసి, పళ్లెంలో పేర్చి, గణేష్‌కి అప్పజెప్పి వేరే బోటు పనికి వెళ్లాడు. ఇప్పుడు తెగిన ముక్క చూస్తే పేస్టు జాడే లేదు.

"ఒరేయ్, నేను పూసిన పేస్టేదిరా?"

గణేష్ నేల చూపులు చూశాడు. "పూజకని అమ్మ తీసుకెళ్లింది మామయ్యా. మళ్లీ తెచ్చిచ్చినయ్యే బిగించాను."

పైనుంచి సన్యాసమ్మ తొంగిచూసింది. "ఆ మురికి జిడ్డుతోనా గంగమ్మ ముందు పెట్టేది? చింతపండేసి తోమాను. వెండి సామాన్లలాగా మెరిసినయ్. పసుపు రాసి, బొట్టుపెట్టి ఇచ్చాను. మీ బావ ఉన్నప్పుడూ ఇంతేగా?"

బోటెక్కే కొత్త సామాను ఏదైనా ముందు గంగమ్మ పళ్లెంలోకి వెళ్లి రావాల్సిందే. బావ కాలంలో అవి ఇనప బోల్టులు కాబట్టి ఎంత తోమినా నష్టం లేకపోయింది.

"జిడ్డా? అది జిడ్డా?" నాగులు గొంతు చించుకున్నాడు. "నేను పూసింది నువ్వు తోముతావు, నువ్వు తోమింది వీడు బిగిస్తాడు, మధ్యలో అడిగే నోరు ఒక్కటీ లేదు!"

"ఎందుకు పూశావో చెప్పావా?"

"ముట్టుకోమాకండి అన్నాను!"

"నువ్వు అన్నిటికీ అదేగా అంటావు. కూరగిన్నె దగ్గరికెళ్లినా అదే మాటాయె."

నాగులుకి కోపం రెట్టింపైంది. ఉలితో మిగతా నట్లు పగలగొట్టాడు. ఇంకో బోల్టు కూడా లోపలే తెగింది, గోరుచుట్టు మీద రోకటిపోటులా. మొదటి మొండేన్ని డ్రిల్లుతో ఎలాగో లాగాడు. రెండోది లొంగలేదు. డ్రిల్లు తిరిగేకొద్దీ స్టీలు ఇంకా రాటుదేలింది, మొన మొద్దుబారింది. బయట ఒక్కో బోటూ కొబ్బరికాయ కొట్టి కదులుతోంది.

"మామయ్యా, లేనిది ఒక్క బోల్టేగా," గణేష్ గొంతు తగ్గించాడు. "మిగతావి బిగించెయ్. ఈ ఒక్క వేటా కానిచ్చి వచ్చాక చూద్దాం."

నాగులుకీ ఆ మాటే మనసులో తిరుగుతోంది. అక్క మొహం చూడలేకపోతున్నాడు.

"అట్టా పోతే ఏమవుద్దిరా?" అంది సన్యాసమ్మ.

ఈసారి నాగులు అరవలేదు. "ఏమీ కాకపోవచ్చక్కా. కానీ ప్యాకింగు ఆ పక్కన లేచిందంటే పొగ ఈ గదుల్లో నిండుద్ది. పడుకున్నోళ్లకి తెలీదు. నిద్రలోనే పోతారు."

సన్యాసమ్మ కళాసీలు చుట్టిపెట్టుకున్న పక్కబట్టల వైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, పైకెక్కి కళాసీల పెద్ద ఎలీషాని పిలిచింది.

"ఎలీషా, ఈ పోటుకి మన బోటు కదలదు. పక్కనున్న బోటుకి మనుషులు చాల్లేదంట. అందరూ అందులో ఎక్కండి."

ఇంటింటికీ తిరిగి తెచ్చుకున్న మనుషుల్ని తన నోటితోనే పంపేసింది. వాళ్లు రెండోసారి చెప్పించుకోలేదు. పక్కబట్టలు భుజాన వేసుకుని దిగిపోయారు. నాగులుకి తిడదామంటే ఎవర్ని తిట్టాలో తెలియలేదు. డ్రిల్లు మీద పడ్డాడు.

మొండెం బయటికొచ్చేసరికి పోటు దిగిపోయింది. నాగులు కొత్త బోల్టులు తీస్తుంటే సన్యాసమ్మ పక్కన కూర్చుని చెయ్యి చాపింది.

"ఇటియ్యి. నేను పూస్తాను."

వేలితో దట్టంగా పూసింది.

"అంత అక్కర్లేదక్కా. మర మీద పల్చగా చాలు."

ఎక్కువైంది తుడిచి చూపించింది. "ఇప్పుడు?"

"ఊఁ."

బిగించాక ఇంజను ఆడించారు. ఎక్కడా పొగ లేదు. బోటు సిద్ధంగా ఉంది. ఎక్కడానికి గణేష్ తప్ప మనిషి లేడు.