కాళ్లకాడ పెట్టని గొంగడి

రామన్నపేట నుంచి భువనగిరి పోయే బస్సులో నా పక్కన గొర్లు కాసే ముసలాయన కూర్చున్నాడు. ఒళ్లో వానకు తడిసిన నల్ల గొంగడి. ఉన్ని వాసనకు నేను ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాను. అది చూసిన కండక్టర్, "తాతా, వాసనొస్తాంది. గా గొంగడి సీటు కింద పెట్టు," అన్నాడు.

"పెట్ట," అన్నాడాయన. "మా ఇండ్లల్ల పెండ్లయితే పిల్లను, పిలగాన్ని దీని మీదనే కూసోబెడ్తం. గసొంటిదాన్ని కాళ్లకాడ పెడ్తనా? టికెట్ తీసుకున్న, కూసున్న. నువ్వు పో."

కండక్టర్ పోయాడు. ముసలాయన గొంగడి విప్పి, వానలో నిలబడ్డట్టే నెత్తిమీద కప్పుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీ బాపు ఏం జేస్తడు బిడ్డా?"

"వ్యవసాయం చేసేవాడు," అన్నాను. మా బాపు బతికినన్నాళ్లూ గొర్లే కాశాడు. ఆయన గొంగడిని మేము నీళ్ల మోటారు మీద కప్పాం.

ఇంటికి రాగానే ఆ గొంగడిని మోటారు మీంచి తీసి, దులిపి ఎండకేశాను. ఇప్పుడు వానాకాలం బస్సెక్కితే అది నా భుజం మీదే ఉంటుంది. మొన్న పక్కసీటాయన ముక్కు మూసుకుని నన్ను జరగమన్నాడు.

"మా బాపుది. గొర్లు కాసేవాడు," అన్నాను.

నేను జరగలేదు.