అడవిచెట్టు ఉయ్యాల, నడిసముద్రపు సొర

మొన్న మా మనవరాలు టీవీ చూస్తూ, "అమ్మమ్మా, వానలడవిలో చెట్టు గొప్పదా, సముద్రం అడుగున తిరిగే సొరచేప గొప్పదా?" అని అడిగింది. రెండూ వందల ఏళ్ళు బతుకుతాయట, రెండూ నిదానంగానే ఎదుగుతాయట. నాకు నవ్వాగలేదు. వాళ్ళమ్మ పుట్టిన ఏడాదే మా తెనాలి ఇంట్లో ఆ తగాదా జరిగిపోయింది మరి.

పురిటికి పుట్టింటికొచ్చాను. పిల్ల పుట్టింది గానీ నాకు పాలు పడలేదు. పోతపాలు పట్టబోతే మూతి తిప్పుకుని గుక్కపట్టేది. దాన్ని చూసి నేనూ ఏడ్చేదాన్ని. అప్పుడు దిగారు ఇద్దరు. బాపట్లలో కలప అడితి ఉన్న మేనమామ, అండమాన్ అడవుల చెట్టుతో చేయించిన ఎర్రటి ఉయ్యాలను లారీలో వేయించుకొచ్చాడు. రేపల్లె రైల్లో మా మేనత్త వచ్చింది, బుట్టలో పాలసొర, సీసాలో సొరనూనె పట్టుకుని. సొరను ఉడకబెట్టి పొడిపొడిగా వేయించిన సొరపుట్టు తింటే బాలింతకు పాలు పడతాయని మా వైపు నమ్మకం. పైగా ఆవిడ తెచ్చింది నడిసముద్రంలో, బాగా లోతున తిరిగేదట. ఎవరు చూసొచ్చారని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

"ఎన్నేళ్ళు వానల్లో తడిసిన మానో ఇది! నీ సొరలా పూటకు అయిపోయేది కాదు" అన్నాడు మామయ్య.

"మానుదేముందండి బావగారూ, ఉన్నచోటే నిలబడింది. నా సొర చీకట్లో ఈదుకుంటూ బతికిందండి!" అంది అత్తయ్య.

మర్నాడు మామయ్య బజారుకెళ్ళగానే ఆవిడ ఉయ్యాలకు సొరనూనె పట్టించేసింది. వాళ్ళవైపు పడవలకు అదే పూస్తారు, చెక్క పగలదని. ఆవిడ లెక్కలో పడవైనా ఉయ్యాలైనా ఊగేదే కదా. ఇల్లంతా నీచు వాసన. మామయ్య వచ్చి, "కొంప ముంచావు కదే మరదలా!" అని ముక్కు మూసుకుని అరిచాడు. అమ్మ ఉయ్యాలను ఎండలో పెట్టించింది. ఇదంతా జరుగుతున్నా అత్తయ్య మాత్రం వెల్లుల్లి దట్టించిన పుట్టు ముద్దలు చేసి నా నోట్లో పెడుతూనే ఉంది.

ఒక సాయంత్రం నా రవిక తడిసింది. అమ్మ గబగబా పిల్లను ఒళ్ళో పెట్టింది. ఆ ఏడుపు ఠక్కున ఆగింది. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను. కడుపు నిండిన పిల్ల, ఆ వాసన ఉయ్యాలలోనే హాయిగా నిద్రపోయింది.

"చూశారా అండీ, నా సొర!" అంది అత్తయ్య, పిల్ల లేస్తుందని గుసగుసగా.

"పడుకుంది దేంట్లోనో చూడు" అన్నాడు మామయ్య, ఇంకా చిన్నగా.

ఆ ఉయ్యాల ఇప్పుడు నా దగ్గరే ఉంది. ముసురు పట్టినప్పుడు ఇంకా కాస్త నీచు వాసన వేస్తుంది. మనవరాలూ పసిగుడ్డుగా ఉన్నప్పుడు అందులోనే పడుకుంది. ఏది గొప్పదో నేను తేల్చి చెప్పలేదు. చెట్టూ సొరా తీరిగ్గానే ఎదిగాయి గానీ, ఆ ఉయ్యాలలో పడుకున్న పిల్లలకే ఎదగడానికి ఎక్కడలేని తొందర.