దొరల బీరువాలో మావగారి అర

మా మావగారు పోయి మూడు నెలలైంది. పొద్దున్న కాఫీ ఇస్తే "పక్కన పెట్టమ్మా" అన్నారు. గ్లాసు తీయడానికి వెళ్ళేసరికి లేరు. ఆయన గురించి రాయాలని అప్పట్నుంచీ ఉన్నా, పదో తరగతి చదువుతో ఏం రాస్తానని ఊరుకున్నాను. మొన్న ఆయన పుస్తకాల బీరువాను అమ్మేశాం. ఇక దాన్ని చూపించి ఆయన సంగతి చెప్పే వీలు లేదు. అందుకే రాస్తున్నాను.

మావగారు ఫౌండ్రీలో నమూనాలు చేసే వడ్రంగి. ఇనుముతో పోత పోయాల్సిన వస్తువును ముందు చెక్కతో చేసి ఇచ్చేవారు. ఆ బీరువా ఒకప్పుడు దొరలు ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నది. మహాగని చెక్క, నిలువెత్తు అద్దాల తలుపులు. పాత బంగళా సామాను వేలం వేస్తే కొన్నారు. అందులో మేం పెట్టిన పుస్తకాలు పదో పన్నెండో. పై అరలో నా రాముడి పటం, కింద ఆయన ఉలులు, చిత్రికలు.

"పుస్తకాలేవి మేస్త్రీ?" అని ఎదురింటాయన ఆటపట్టించేవాడు.

"బీరువానే సదువుతన్నాను. ఇంకా అవ్వనేదు," అనేవారు మావగారు.

నిజంగానే ఆదివారాలు తలుపులు తీసి, అతుకుల మీద వేలు పెట్టి చూస్తూ కూర్చునేవారు.

నేను కాపురానికి వచ్చిన ఏడాది, విరిగిన మధ్య అర తీసేసి కొత్తది చేశారు. ఎక్కించబోతే పట్టలేదు. మూడు నూళ్ళు, అరంగుళానికి కాస్త తక్కువ, పొడుగు. కరిగిన ఇనుము చల్లారితే కుదించుకుపోతుంది కనుక, నమూనాలు చేసేవాళ్ళ స్కేలులో అంగుళమే కాస్త పెద్దది. అలవాటుకొద్దీ ఆ స్కేలుతోనే కొలిచేశారు.

"ఇన్నేళ్ళ నుంచి కొలుత్తన్నావు, ఇంట్లో అర కొలవడం రానేదేటి?" అంది అత్తగారు.

"ఇదీ సల్లారతాదనుకున్నానే," అని ఆయనే ముందు నవ్వారు.

చిత్రిక పట్టి, పాలిష్ వేసి కూర్చోబెట్టాక తేడా ఎవరికీ తెలిసేది కాదు. ఆయన మాత్రం ఇంటికొచ్చిన ప్రతివారికీ "ఇదొక్కటీ నాది, మిగతావి దొరల వడ్రంగివి" అని చెప్పేవారు.

ఒకసారి నేను అలిగి పుట్టింటికని సంచి సర్దుకుంటే గుమ్మంలో నిలబడ్డారు. "ఏడి మీద దేన్నీ కొలవకమ్మా. సల్లారనీ, రెండ్రోజులాగు," అన్నారు. ఆగాను. ఇప్పటికీ మా ఆయనతోనే ఉన్నాను.

మా ఆయన ఈమధ్యే రిటైరయ్యారు. నెలాఖరుకు అగ్రికోలోని కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. బర్మామైన్స్ పేటలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లోకి బీరువా గుమ్మం కూడా దాటదు. అమ్ముతామని ఫోన్లో ఫొటోలు పెట్టాం. చాలా రోజులకు కలకత్తా నుంచి పాత సామాను కొనే ఆయన ఒక్కడు వచ్చాడు. అతను కాదంటే దాన్ని ముక్కలు చేసి బయట పడేయడమే. ఆ సంగతి నాకూ తెలుసు.

టార్చి వేసి అన్ని మూలలూ చూసి, "సబ్ ఒరిజినల్ హై నా?" అని అడిగాడు.

అంతా పాతదేనని మా ఆయన హిందీలో చెప్పారు, నాకేసి చూడకుండా.

రాముడి పటం అప్పటికే తీసి చేతిలో పట్టుకున్నాను. మధ్య అర మా మావగారు చేశారని చెప్పాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. అతను "క్యా?" అన్నాడు. మళ్ళీ చెప్పాను.

అతను అరను బయటికి లాగి, తిప్పి చూశాడు. చివరికి బీరువా తీసుకుంటానన్నాడు. అర మాత్రం వద్దట, పాత చెక్క తెచ్చి వేయించుకుంటాడట.

"సెప్పకపోతే ఏటయ్యేది నీకు?" అన్నారు మా ఆయన, బీరువా వెళ్ళిపోయాక.

"నాకేటీ అవ్వదు. మావయ్య పని ఇంకొకలది అయిపోయేది," అన్నాను.

ఇల్లు మారిన రోజు మా ఆయన సామానంతా బండికెక్కించారు, అరను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆటోలో మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని పట్టుకున్నారు.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా దాచి ఉంచండి, పదిమందికీ చూపించకండి. మా ఆయనకు తెలిస్తే సిగ్గుపడతారు. బర్మామైన్స్ దాకా ఆ చెక్క అంచుకు చెంప ఆనించుకునే కూర్చున్నారు.