కొబ్బరి పీట

ఆ శుక్రవారం నాకు చర్చి పోయింది. ఒమాన్‌లో సెలవూ, ప్రార్థనా శుక్రవారమే. నేను పనిచేసే ఇంటి ముసలావిడ జాంజిబార్‌లో పుట్టింది. ఆవిణ్ణి మామా అంటాను, వాళ్ళ భాషలో అమ్మ అని. ఆఫ్రికా నుంచి ఒమాన్ చేరినవాళ్ళ సామాన్లు పెట్టిన మ్యూజియం చూస్తానని పట్టుబట్టింది. ఎవరి సామాన్లయితే నాకేం అని గొణుక్కుంటూ మేముండే అల్ అమెరాత్ నుంచి బయల్దేరాను.

చెక్కిన తలుపులు, ఓడ బొమ్మలు దాటించి వీల్‌చైర్ గబగబా తోసేస్తున్నాను. ఒక అద్దాల పెట్టె దగ్గర మామా చెయ్యెత్తి ఆపింది. లోపల కొబ్బరి తురిమే పీట ఉంది. కోనసీమలో మా అమ్మ వాడేదీ అలాంటిదే.

"మనింట్లోనూ ఉంది కదా మామా," అన్నాను నాకొచ్చిన హిందీలో. రోజూ పొద్దున్నే నేను కూర్చునేది దానిమీదే. ఓడలో వాళ్ళతో పాటే వచ్చిందట.

"దానిమీద ఒక ఆఫ్రికా ఆవిడ కూర్చుని తురిమేది. మా నానమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చారు."

"ఏమిచ్చారు? పీటనా, మనిషినా?"

"దోనో," అంది మామా, అద్దం మీంచి చూపు తిప్పకుండా. రెండూనట.

ఇక నా కాళ్ళు అక్కడ నిలవలేదు. పోదాం పదమంటే ఆవిడ కదలనివ్వదు. ఆ పెట్టె చుట్టూ ఊరికే తిరిగాను.

మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టి, పీట ముందు నిలబడ్డాను. కూర్చోబుద్ధి కాలేదు. చెక్క మధ్యలో నున్నగా అరిగి గుంట పడి ఉంది. ఏడేళ్ళుగా నేను కూర్చునే అరిగిందనుకునేదాన్ని. కానీ గుర్తు చేసుకుంటే, ఆ గుంట నేనొచ్చిన మొదటి రోజే ఉంది. అందులో సరిగ్గా సరిపోయాను కూడా.