పదిహేను అంకెల ముద్ర

2009 నవంబరు 30, సోమవారం. సాయంత్రం నాలుగున్నర. మా ఇంటి వరండా, శంషాబాద్.

హాజరైనవారు: నేను, నా భార్య, వెనక వీధిలో ఉండే క్యాబు డ్రైవరు, కాలనీ మొదట్లో ఇడ్లీ బండి పెట్టే ఆవిడ, పక్క ప్లాటులో ఇల్లు కడుతున్న మేస్త్రి. ఫోన్లు నాలుగు. నా భార్యకు సెల్‌ఫోను లేదు. ల్యాండ్‌లైను చాలునని ఆవిడ అభిప్రాయం.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. నలుగురు కూడితే హాజరు రాయడం నాకు ఉద్యోగం అంటించిన అలవాటు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. ముద్ర లేని తూకంరాయి కనిపిస్తే నాకు అన్నం సహించేది కాదు. రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక పట్టుకోవడానికి తూకంరాళ్ళు దొరకలేదు. ఆ తీరికంతా సెల్‌ఫోన్ల మీద, కెమెరాల మీద, పేపర్లో వాటి గురించి వచ్చే వార్తల మీద పెట్టాను. కొత్త వస్తువు కొన్నప్పుడల్లా పెట్టె మీది చీటీ కత్తిరించి డైరీలో అంటించేవాణ్ణి.

అందుకే ఆ నెలలో వచ్చిన నియమం నాకు బాగా నచ్చింది. ప్రతి సెల్‌ఫోనుకూ లోపల పదిహేను అంకెల నంబరు ఒకటి ఉండాలి. ఏ రెండు ఫోన్లకూ ఒకే నంబరు ఉండకూడదు. నంబరు లేని ఫోన్లూ, దొంగ నంబరు ఫోన్లూ నవంబరు ముప్పైతో ఆగిపోతాయి. అంటే ఫోనుకు ముద్ర అన్నమాట. ఇన్నాళ్ళకు ప్రభుత్వం నా దారికి వచ్చిందనుకున్నాను.

నాకు నచ్చనిది కూడా ఒకటుంది. తప్పుడు తూకంరాయి దొరికితే మేము కొట్టువాణ్ణి పట్టుకునేవాళ్ళం, వంకాయలు కొన్న మనిషిని కాదు. ఇక్కడేమో ఫోను కొన్నవాడి నోరు నొక్కుతున్నారు. అమ్మినవాడు వారం వారం సంతలో పట్టా పరుచుకుని హాయిగా కూర్చునే ఉన్నాడు. ఈ మాట నేను డైరీలో రెండు పేజీలు రాశాను. నా భార్యకు చదివి వినిపించాను కూడా. "మీరు చెప్పింది సబబే, కాస్త ఆ చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పండి," అంది.

ఆ రోజు బందు కావడంతో అందరూ ఇళ్ళ దగ్గరే దొరికారు. ఎవరి ఫోను బతుకుతుందో, ఎవరిది పోతుందో తేల్చి చెబుతానని కబురు పెట్టాను. రిజిస్టరులో గళ్ళు గీసి సిద్ధంగా ఉంచాను: వరుస సంఖ్య, యజమాని, నంబరు, లెక్క, తీర్పు.

పద్ధతి చాలా తేలిక. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే నంబరు తెర మీదికి వస్తుంది. అది సరైనదో కాదో చూడటానికి ఒక లెక్క ఉంది. ఒకటి విడిచి ఒక అంకెను రెట్టింపు చేసి, వచ్చిన అంకెలన్నీ కలిపితే మొత్తం చివర సున్నా రావాలి. రాకపోతే దొంగ నంబరు. ఈ లెక్క నేను ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని నేర్చుకున్నాను.

ముందు డ్రైవరు తన ఫోను అందించాడు. అది చైనా ఫోను. ఇటుకంత లావు. రెండు సిమ్ములు, వెనక టార్చి, పైకి లాగితే టీవీ వచ్చే యాంటెన్నా, చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేని స్పీకరు. నా ఫోనుకు ఇందులో ఒక్కటీ లేదు. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు.

నంబరు రాసుకున్నాను. లెక్క సరిపోయింది. మేస్త్రి ఫోను తీసుకున్నాను. రాస్తూ రాస్తూ పై వరుసను చూసి కొట్టేశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ అవే అంకెలు. కళ్ళజోడు తుడుచుకుని ఇడ్లీ బండి ఆవిడ ఫోను అడిగాను.

"ఏంది సార్, గట్ల జూస్తున్నరు?" అన్నాడు డ్రైవరు.

"మీ ముగ్గురి ఫోన్లకూ ఒకటే నంబరు ఉందయ్యా."

"గట్లెట్ల?" అన్నాడు మేస్త్రి. "నాది నల్లది, అన్నది తెల్లది."

"ఎక్కడ కొన్నారు?"

"సంతలనే సార్. అన్న కొన్నకాడనే నేనూ కొన్న."

"నేనూ ఆడ్నే," అంది ఇడ్లీ బండి ఆవిడ. "ఎర్రది మంచిగుంటదన్నడు, తీస్కున్న."

డ్రైవరు నవ్వాడు. "అయితే ఇగ మనం ముగ్గురం ఒక్క కడుపున పుట్టినట్టే అక్కా."

"నీ అసొంటి తమ్ముడు ఇంట్ల ఉంటే నేనెప్పుడో ఊరిడిశి పోతుంటి."

అప్పుడే విమానం ఒకటి నెత్తి మీదుగా దిగుతూ పోయింది. మాకది అలవాటే. అది దాటేదాకా నోళ్ళు మూసుకుని, దాటాక వదిలిన మాట దగ్గర మళ్ళీ అందుకుంటాం. ఈసారి దాటాక ముగ్గురూ నా రిజిస్టరులోకి తొంగిచూశారు. అందరూ నా తీర్పు కోసం చూస్తున్నారు.

"మూడూ దొంగ నంబర్లే," అన్నాను. "ఒక ముద్రతో మూడు రాళ్ళు ఉండవు. రేపు పొద్దుటికి మూడూ మూగబోతాయి."

డ్రైవరు ముఖంలో నవ్వు పోయింది. సంగతి అతనే చెప్పాడు. ఎయిర్‌పోర్టు దారిలో కొత్తగా తెరిచిన హోటల్లో మేనేజరు అతనికి ఒక మాట ఇచ్చాడట. మర్నాడు తెల్లవారుజామున ఒక అతిథికి విమానం ఉంది. ఐదులోపు మేనేజరు ఫోను చేస్తాడు. ఎత్తి, పది నిమిషాల్లో గుమ్మం ముందు ఉంటే ఆ హోటలు ట్రిప్పులు రోజూ ఇతనివే. ఎత్తకపోతే ఇంకో డ్రైవరువి. బందు ఉన్నా ఆ వేళకు ఎయిర్‌పోర్టు బండిని ఎవరూ ఆపరు.

"మరి నిన్ననే పట్నం పోయి నంబరు వేయించుకోవలసింది," అన్నాను. అందుకు దుకాణాలు పెట్టారని పేపర్లో వచ్చింది.

"పోయిన సార్. లైను రోడ్డు దాంక ఉండె. నా వంతు వచ్చేసరికి కంపూటర్ బందైంది. జర పరేషాన్‌ల ఉన్న, మీరే ఏదన్న జెప్పున్రి."

ఆ మాటకు నేను పొంగిపోయాను. "నా ఫోను ఇస్తాను. నీ సిమ్ము అందులో పెట్టుకో."

"మీ ఫోను కూడా ఒకసారి నొక్కి చూడండి," అంది నా భార్య గుమ్మంలోంచి.

"అక్కర్లేదు. డైరీలో ఉంది."

"నొక్కితే కనబడేదానికి డైరీ ఎందుకండీ?"

"కొన్న రోజున పెట్టె మీంచి కత్తిరించి అంటించాను. రాతపూర్వకమైన ఆధారం ఉండగా నొక్కడమెందుకు?"

లోపలికి వెళ్ళి రెండేళ్ళ కిందటి డైరీ తెచ్చి, ఆ పేజీ అందరికీ చూపించాను. లెక్క కట్టాను. చివర సున్నా వచ్చింది. రిజిస్టరులో నాలుగో వరుసలో నా ఫోనుకు 'సక్రమం' అని రాశాను. 2009 వేసవిలో అది నీళ్ళ బకెట్లో పడిందనీ, బాగుచేసినతను లోపలి సాఫ్ట్‌వేరంతా తుడిచి కొత్తగా ఎక్కించాడనీ నాకు గుర్తుంది. ఆ సంగతి కూడా డైరీలో ఉంది. కాని వేరే సంవత్సరం డైరీలో ఉంది.

డ్రైవరు విజిటింగ్ కార్డు మీద రెండు నంబర్లు ఉన్నాయి. పైది కిరాయిలకు, కిందది ఇంటివాళ్ళకు. పై నంబరు సిమ్ము తీసి నా ఫోనులో పెట్టాం. నా సిమ్ము పర్సులో దాచుకున్నాను. ల్యాండ్‌లైను నుంచి అతనికి ఫోను చేసి చూశాను. మోగింది. 'పరీక్ష సఫలం' అని రాసి, అతని చేత సంతకం చేయించాను. తన ఫోను రెండో సిమ్ముతో సహా మా టేబులు మీద వదిలి వెళ్ళాడు. "పొద్దుగాలకు సచ్చిపోయేదాన్ని ఇంట్ల ఏం బెట్టుకోను సార్," అన్నాడు.

భోజనమయ్యాక ఎవరూ లేరని చూసి యాంటెన్నా పైకి లాగాను. వార్తలు వచ్చాయి. బొమ్మ అగ్గిపెట్టెంత ఉంది గాని ముఖాలు తెలుస్తున్నాయి. వెనక నుంచి నా భార్య గొంతు వినిపించింది.

"దొంగ ఫోను కదండీ?"

"పరీక్షిస్తున్నాను."

"పరీక్షించండి. సౌండు కాస్త పెంచండి, నాకూ వినపడాలి."

మర్నాడు నాలుగు ముప్పావుకు మా ఇంట్లో డప్పులు మోగాయి. నేను మంచం మీంచి లేచేసరికి నా భార్య దేవుడి గదివైపు చూస్తోంది. డప్పు ఆగి, మళ్ళీ మొదలైంది. చచ్చిపోయి ఉండవలసిన ఫోను టేబులు మీద వణుకుతూ అంచు దాకా వచ్చింది. ఎత్తాను.

అవతల హోటలు మేనేజరు. పై నంబరు అందడం లేదట. కార్డులో కింది నంబరు చూసి చేశాడు. నా చేయి దానంతటదే రిజిస్టరు తెరిచింది. శుభోదయం చెప్పి ఇంగ్లీషులో అడగడం మొదలుపెట్టాను. అతిథి పేరేమిటి, గది నంబరెంత, విమానం ఎన్నింటికి, పెట్టెలెన్ని, అందులో పెద్దవెన్ని. ఆయన చెప్పినవన్నీ రాసుకుని, తిరిగి చదివి వినిపించాను. "పది నిమిషాల్లో బండి మీ గుమ్మం ముందు ఉంటుంది," అని పెట్టేశాను.

పెట్టేశాక గాని, బండి నాది కాదని గుర్తురాలేదు. ల్యాండ్‌లైను నుంచి డ్రైవరుకు చేశాను. అందుబాటులో లేరంది. మంకీ క్యాపు తగిలించుకుని, శాలువా కప్పుకుని, ఆ ఫోను పట్టుకుని పరుగెత్తాను. నా వయసులో పరుగు అంటే వీధికుక్క నడకతో సమానం. ఒకటి నా పక్కనే నడుస్తూ మొరిగింది. సగం దారిలో డప్పులు మళ్ళీ మోగాయి. ఎత్తితే ల్యాండ్‌లైను నుంచి నా భార్య.

"చెప్పులు వేసుకోలేదు మీరు," అంది. "టార్చి ఆ ఫోనుకే ఉంది, వెలిగించుకోండి."

డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, గడప మీద కూర్చున్నాడు. నా ఫోను ఎదురుగా పీట మీద ఉంది. దాని తెర మీద నెట్‌వర్కు గీత ఒక్కటి కూడా లేదు.

"నాలుగింటికెల్లి జూస్తున్న సార్. ఒక్కసారి గూడ మోగలె. సర్కారు లెక్క ప్రకారం ఉన్న ఫోను గదా, నిమ్మలంగ ఉంటదనుకున్న."

గది నంబరు చెప్పాను. పెట్టెలు మూడు, అందులో పెద్దవి రెండు అని కూడా చెప్పాను. అతను నా చేతిలోంచి తన ఫోను లాక్కుని, నా ఫోనులోంచి తన సిమ్ము ఊడబీకి, బండెక్కి వెళ్ళిపోయాడు. నా ఫోను పీట మీద మిగిలింది.

దాన్ని పట్టుకుని ఇంటికి వచ్చాక, తెల్లవారాక, నా భార్య ఎదుట నిలబడి నొక్కించింది. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్. తెర మీద పదిహేను సున్నాలు వచ్చాయి. బాగుచేసినతను సాఫ్ట్‌వేరుతో పాటు నంబరు కూడా తుడిచేశాడన్నమాట. అసలు నంబరే లేని ఫోన్లు ఆ రాత్రే ఆగాయి. సంతలో కొన్న ముగ్గురి ఫోన్లు మాత్రం ఇంకొన్నాళ్ళు పనిచేశాయి. ఎందుకని నన్నడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

అలవాటు ప్రకారం లెక్క కట్టాను. సున్నాలను రెట్టింపు చేసి కలిపితే సున్నా. చివర సున్నానే వచ్చింది. నా లెక్క ప్రకారం ఆ నంబరులో దోషమేమీ లేదు.

ఎనిమిదిన్నరకు డ్రైవరు వచ్చాడు. కాఫీ గ్లాసు అందుకుని మెల్లగా చివరిదాకా తాగాడు. నాకు భయమేసింది.

"వేళకు అందలేదా?" అన్నాను.

"అందిన సార్. బండి తీసినంక ఆరు నిమిషాలకే పోయిన. మేనేజర్ ఒకటే ముచ్చట అడిగిండు. పొద్దుగాల ఫోన్ల ఇంగ్లీషు మాట్లాడింది ఎవరూ, పెట్టెలు గూడ లెక్కవెట్టిండు అని."

"ఏం చెప్పావు?"

"మా ఆఫీసు అని చెప్పిన."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆఫీసు ఉన్నోళ్ళే కావాలె, ఇగ రోజూ నీకే అన్నడు సార్. గందుకే అడుగుతున్న. గీ సెల్లుల గొడవ మనకొద్దు. మీ లైను ఫోను నంబరు జెప్పున్రి, కార్డు మీద ఎక్కిస్త. పొద్దుగాల మీరు ఎత్తున్రి, నేను మీ గేటు బయట బండి కాడ ఉంట."

గౌరవంగా ఉంటుందని ఒప్పుకున్నాను. నంబరు తప్పు పోకూడదని అలమారలోంచి ల్యాండ్‌లైను పెట్టించిన సంవత్సరం డైరీ తీయబోయాను.

"డైరీ అక్కర్లేదు," అని నా భార్య తనే నంబరు చెప్పి, అతను రాసుకున్నాక ఒకసారి చదివించింది.