వదినకి బీపీ వచ్చిన ఏడాది

పోయిన వారం న్యూ టౌన్‌లో మా ఫ్లాట్ల పక్క క్లినిక్‌లో డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది దీదీ?" అని బెంగాలీలో అడిగింది. చాన్నాళ్ళయిందన్నాను. బీపీ ఉంది, ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, ఈ మాత్ర మానకండి అని చెప్పి, "ఇంట్లో తోడెవరు?" అంది. ఎవరూ లేరన్నాను. బయటికొచ్చి మందుల షాపు దగ్గర నిలబడితే మా వదిన గుర్తొచ్చింది.

అప్పట్లో మా అన్నయ్య రైల్వేలో గార్డు. కాపురం సంత్రాగాఛి క్వార్టర్లో. బండెక్కితే రెండు మూడు రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు, పిల్లల్లేరు. నెలసరి ఆగిన ఏడాది వదినకి ఒంట్లోంచి ఆవిర్లొచ్చేవి, జనవరి చలిలో కూడా ఫ్యాను కింద కూర్చునేది. రైల్వే ఆసుపత్రిలో బీపీ అని మాత్ర రాశారు. ఆవకాయ మానమన్నందుకు ఆ డాక్టరంటే వదినకి కోపం. "ఆయనకేటి తెలుసే? ఆవకాయ లేకపోతే అన్నం దిగుతాదేటి?" అనేది.

అప్పుడే మా తెలుగు చర్చికొచ్చే ఒకావిడ చేపనూనె గుళికలు, వెల్లుల్లి బిళ్ళలు, మెగ్నీషియం డబ్బాలు ఇంటింటికీ తిరిగి అమ్మడం మొదలెట్టింది. వదిన కిటికీ గట్టు నిండిపోయింది. ఇవన్నీ ఉన్నాయి కదా అని డాక్టరిచ్చిన మాత్ర ఎవరికీ చెప్పకుండా మానేసింది. ఒక ఉదయం బట్టలారేస్తూ పడిపోయింది. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. పక్కింటి బెంగాలీ ఆవిడ ఫోన్ చేస్తే లోకల్ రైలు పట్టుకుని పరుగెత్తాను. మూతి కాస్త వంకర పోయి, మాట ముద్దగా వస్తోంది. వెంటనే రైల్వే ఆసుపత్రిలో చేర్చాను. దేవుడి దయవల్ల మెల్లగా తేరుకుంది. మాత్ర మానేసిందని తెలిసినా డాక్టరు కోప్పడలేదు. "ఆ డబ్బాల్లోవి వేసుకునే ముందు నాకు చూపించండి. ఈ మాత్రకి మాత్రం అవి బదులు కావు," అన్నాడంతే.

ఇంటికొచ్చాక డబ్బాలు సంచిలో వేస్తూ, "ఇన్నెందుకు కొన్నావు వదినా? సగం మూతలు కూడా తియ్యలేదు," అన్నాను.

వదిన గోడకేసి చూస్తూ చెప్పింది. "కొంటే ఆవిడ వారం వారం వచ్చేదే. టీ తాగి, మా ఊరి మాటలు మాటాడి, కాసేపు కూకునేది. ఉత్తినే రమ్మంటే ఎవులొస్తారు?"

ఆ తర్వాత ఆదివారాలు ప్రార్థన అయ్యాక నేనే వెళ్ళేదాన్ని, ఇద్దరం రైల్వే మైదానం చుట్టూ నడిచేవాళ్ళం. ఊరికే నడవడానికి సిగ్గుపడి, కూరలకి వెళ్తున్నట్టు వదిన చేతిలో సంచి పట్టుకునేది. పోనుపోను మిగతా రోజులు కూడా ఒక్కతే నడిచింది, మాత్ర మానలేదు, బీపీ అదుపులోకొచ్చింది. ఆ డబ్బాలమ్మే ఆవిడ మాత్రం మళ్ళీ రాలేదు. మొన్నటి చలికాలం వదిన పోయింది, బీపీతో కాదు, న్యుమోనియాతో.

ఇప్పుడు సాయంత్రాలు ఇక్కడి పార్కులో ఒక్కదాన్నే నడుస్తున్నాను. వదినని అడగాల్సినవి ఎన్నో తోస్తుంటాయి. ఆ ఆవిర్లు ఎప్పటికి తగ్గాయి, అన్నయ్య లేని ఆ మధ్యాహ్నాలు ఎలా గడిచేవి అని. మనం పెద్దవాళ్ళ వయసుకి చేరి ప్రశ్నలు పుట్టేసరికి, జవాబు చెప్పేవాళ్ళని కాలం తీసుకుపోయి ఉంటుంది.