నేను పెట్టని మూడు కాళ్ల చిప్పు

సూర్యాపేటలో నాది ఎలక్ట్రానిక్ బోర్డులు బాగుచేసే షాపు. నాకు కోపం ఎక్కువ, నా పని మీద నాకు నమ్మకం ఇంకా ఎక్కువ. మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి ఒకే బోర్డు మూడోసారి నా టేబుల్ మీదికి వచ్చేసరికి ఒళ్లు మండింది. అది కలర్ సార్టర్ బోర్డు. బియ్యంలో నల్ల గింజను కెమెరాతో పట్టి, గాలితో ఊది పక్కకు నెట్టే మిషన్ దానిమీదే నడుస్తుంది. అది ఉన్నట్టుండి సెట్టింగులు మరిచిపోయి మంచి బియ్యాన్ని కూడా ఊదేస్తోందట. నా టేబుల్ మీద మాత్రం రోజంతా బుద్ధిగా పనిచేసేది.

దాన్ని తెచ్చింది మిషన్ ఆపరేటర్, వేములపల్లి మనిషి.

"నేనే బటన్లు కెలుకుతున్ననని మిల్లు సేటు అంటుండక్కా. మల్ల గిట్లనే అయితే ఇంటికి పొమ్మన్నడు. పదకొండేండ్ల సంది గీడనే చేస్తున్న," అన్నాడు.

అంతవరకు నేను మిల్లు ముఖమే చూడలేదు. బోర్డు చూస్తే చాలదా అని నా పొగరు. మర్నాడు పొద్దున్నే వెళ్లి బోర్డును మిషన్‌లో బిగించాను. అతను చెప్పులు విప్పి, సార్టర్‌కు బొట్టు పెట్టి, అగరుబత్తి తిప్పి, మొదట దాన్నే ఆన్ చేశాడు. అన్నిటికంటే ఖరీదైన మిషన్ కాబట్టి బోణీ దానితోనే కావాలని సేటు పెట్టిన పద్ధతి. తర్వాత పెద్ద మోటార్లు ఒక్కొక్కటే మొదలవుతుంటే ప్రతిసారీ లైట్లు మసకబారాయి. మీటరు పెట్టి చూశాను. బోర్డుకు అందాల్సిన ఐదు వోల్టులు నాలుగు దాకా పడి లేస్తున్నాయి.

కరెంటు పూర్తిగా పోతే ప్రాసెసర్ ఆగిపోతుంది, వస్తే మొదటినుంచి మొదలుపెడుతుంది. అరకొరగా అందితేనే ముప్పు. నిద్రమత్తులో సంతకాలు పెట్టే మనిషిలాగా మెమరీలో పిచ్చి అంకెలు రాసేస్తుంది. అందుకే బోర్డులో మూడు కాళ్ల చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. వోల్టేజీని కనిపెట్టుకుని ఉండడమే దాని పని. నాలుగున్నర దగ్గరికి జారగానే ప్రాసెసర్‌ను ఆపేస్తుంది. వోల్టేజీ మళ్లీ లేచి, కుదురుగా నిలబడ్డాకే వదులుతుంది.

బోర్డు విప్పి చూస్తే ఆ చిప్పు లేదు. దాని చోట ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. టంకం నాదే. మొదటి రిపేరులో చిప్పు కాలిపోయి, అలాంటిది ఇంకోటి దొరక్క నేనే అవి అతికించాను. స్విచ్ వేసినప్పుడు ఒకసారి రీసెట్ చేస్తే చాలనుకున్నాను. నడుమ పడే వోల్టేజీని అవి పట్టించుకోవు. నేను చేసిందే కదా అని తర్వాత రెండుసార్లూ ఆ మూలకు చూడనే లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నా పనికి అతను మాట పడుతున్నాడు.

ఆ చిప్పు కోసం అటునుంచి అటే బస్సెక్కి కోదాడలో స్పేర్ పార్టుల షాపుకు వెళ్లాను.

"ఈ చిన్న ముక్క కోసం అంత దూరం నుంచి వచ్చారా అండీ?" అని షాపాయన నవ్వాడు.

"ఒక మనిషి కొలువు దీని మీద ఉంది," అన్నాను.

మధ్యాహ్నానికి మిల్లుకు తిరిగొచ్చి చిప్పు పెట్టేసి, సేటును పిలిచి, మోటార్లన్నీ ఒక్కసారే వేయించాను. లైట్లు కుంగాయి. సార్టర్ తెర ఆరిపోయింది. లైట్లు తేరుకున్నాక తెర వెలిగింది, ఆపరేటర్ పెట్టిన సెట్టింగుల్లో ఒక్క అంకె మారలేదు. తెల్లటి బియ్యం ధారగా పడింది. ఇంకో ఆరుసార్లు వేయించాను, ఆరుసార్లూ అంతే. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"సేటూ, ఈయన ఏం కెలుకలే. తప్పు నాది," అని పీకేసిన రెసిస్టరు, కెపాసిటరు చూపించి చెప్పాను.

సేటు వాటిని చేతిలోకి తీసుకుని చూశాడు. "సరే, పని చూస్కో ఇగ," అన్నాడు ఆపరేటర్‌తో.

అతను కదలలేదు. "గా మాట మా ఇంటామెకు ఫోన్ల చెప్పు సేటూ. నీ మాట ఇన్నప్పటి సంది ఆమె గూడ నన్ను నమ్ముతలేదు."

సేటు స్పీకర్ పెట్టి చెప్పాడు. ఆ తప్పు చేసింది నేనేనని నేనూ చెప్పాను.

"అయితే రేపు పనికి వస్తడు గదా?" అంది అవతలి నుంచి ఆమె.

"వస్తడు," అని సేటు కంటే ముందు నేనే అన్నాను.